పక్కవాడి పెండలం

యోసిరో బావ పెండలాన్ని ఎవరో చంపేశారు.

ఆ కేక మా అక్క రొసేందాది. పందులకు కొబ్బరి కొట్టి వేస్తున్నవాణ్ణి, ఉన్నపళంగా రోడ్డు దాటి వాళ్ళింటికి పరుగెత్తాను. చేతిలో కత్తి ఉందన్న సంగతి, వాకిట్లో చేరిన జనమంతా నా చేతి వంక చూసేదాకా నాకు తెలియలేదు.

"ఏమైందే అక్కా?"

"తీగ కోసేశార్రా! నేలకి ఇంత ఎత్తులో, నున్నగా. నాలుగేళ్ళ నుంచి పెంచుకుంటున్న పెండలంరా తమ్ముడూ!"

బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు, తిట్టడం లేదు. నన్నూ, నా కత్తినీ మార్చి మార్చి చూశాడు.

"రా బామ్మర్దీ. కత్తి కూడా తెచ్చుకున్నావే. కొయ్యడానికి ఇంకేమన్నా మిగిలిందనుకున్నావా?"

ఎవరూ నవ్వలేదు. బావ హాస్యానికి అన్నాడని సరిపెట్టుకుందామనుకున్నాను. కానీ పక్కనే ఉన్న మా పినతండ్రి కొడుకు పెర్నార్దో గొంతు సవరించుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. పెర్నార్దో నోరు మూసుకున్నాడంటే సంగతి ముదిరిందన్నమాటే.

మా పోన్‌పే దీవిలో పరాయి పెళ్ళాం వంక చూసినవాడి గురించి వారం రోజులు చెప్పుకుంటారు. పరాయివాడి పెండలం వంక చూసినవాడి గురించి వాడి మనవళ్ళ కాలం దాకా చెప్పుకుంటారు. ఇంకొకరి పెరట్లోంచి నడవాల్సి వస్తే కళ్ళు కాలి వేళ్ళ మీద ఉండాలి. చెట్టుకు పాకిన తీగ కంటపడితే వానమబ్బు ఎటుందో చూస్తున్నట్టు తల తిప్పుకోవాలి. ఎవరి గొయ్యిలో ఎంత గడ్డ ఊరుతోందో విందు రోజు దాకా పెళ్ళానికి కూడా చెప్పరు. ఆ రోజున కర్రలకు కట్టి మోసుకొచ్చి, పల్లెపెద్ద సావడిలో దించి, "ఏదో ఇంత వేరు దొరికింది" అని తల వంచుకోవాలి. అప్పుడు మిగతావాళ్ళు చూస్తారు. మా పల్లెపెద్దను సౌమాస్ అంటాం. ఆయన కూడా ఒక్క చూపు చూస్తాడు. ఆ చూపుతో ఆ మగవాడు ఏపాటివాడో ఏడాది పాటు తేలిపోతుంది.

ఈ ఏడు సంగతి ఇంకా పెద్దది. పల్లెలో రెండో బిరుదు ఉన్న ముసలాయన ఈస్టరు ముందు పోయాడు. రానున్న విందులో ఎవరి పెండలం ముందు నిలబడితే ఆ బిరుదు వారిదని సౌమాస్ పైకి అనలేదు గానీ, అనకపోయినా అందరికీ తెలుసు. బిరుదు వస్తే పేరు పెట్టి పిలిచేవాళ్ళుండరు. సావడిలో కూర్చునే చోటు మారుతుంది, సకావు చిప్ప, అంటే వేరు దంచి పిండిన మత్తురసం నింపిన కొబ్బరిచిప్ప, చేతికి వచ్చే వరస మారుతుంది. పోటీ యోసిరో బావకీ నాకూ మధ్యనేనని చంటిపిల్లలకు కూడా తెలుసు. నా పెండలం కొండవాలున ఉంది. ఎంత ఉందో చెప్పను. ఇప్పటికీ చెప్పను.

విందుకు ఇంకా రెండు నెలలుంది. పెండలం బాగా ఊరేది ఆ ఆఖరి రెండు నెలల్లోనే. పచ్చగా ఉండగా తీగ తెగిందా, గడ్డ అక్కడితో ఆగిపోతుంది. వెంటనే తవ్వకపోతే కుళ్ళుతుంది కూడా.

"గొయ్యి దగ్గరికి తీసుకెళ్ళు బావా. కోత చూస్తే ఎలాంటి కత్తో చెప్తాను," అన్నాను.

"మళ్ళీ చూస్తావా?" అన్నాడు బావ.

ఆ 'మళ్ళీ' అన్న మాట నా చెంప మీద తగిలింది.

"నేను చూశానని ఎవడన్నాడు?"

"నువ్వే అన్నావు. మొన్న పెర్నార్దో వాళ్ళింట్లో సకావు తాగుతూ."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు పెర్నార్దో అందరినీ ఎగదోస్తూ, ఈ ఏడు యోసిరో పెండలానికి లారీ మాట్లాడుకోవాలని ఏదో వాగాడు. నాకు ఒళ్ళు మండింది. "తీగ పొడుగు చూసి పెండలం చెప్పగలిగితే, తోక చూసి పంది బరువు చెప్పొచ్చు," అన్నాను. అందరూ విరగబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పుడు అదే మాట నా మెడకు చుట్టుకుంది. తీగ పొడుగన్నాను కదా. చూడనివాడికి పొడుగని ఎలా తెలుసు?

"అది ఊరికే మాటవరసకన్నది బావా!"

"నేను కూడా మాటవరసకే అడుగుతున్నాను బామ్మర్దీ."

అక్క నా వంక చూడలేదు. ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. తీగ తెగిన కేక కంటే ఆ తలుపు చప్పుడే నాకు గట్టిగా వినిపించింది.

నిజం చెప్పాలి. నేను కొయ్యలేదు, చూడనూ లేదు. కానీ రోడ్డు దాటి ఇంటికి వస్తుంటే నా కాళ్ళు తేలిగ్గా పడ్డాయి. బావ పోటీలో లేడు. ఆ ఆలోచన తియ్యగా ఉంది. నా మీద నింద పడిందన్న చేదు ఆ తీపిని దాటి రావడానికి కొంతసేపు పట్టింది.

నా కడుపుమంట ఎక్కడ మొదలైందో చెప్పకపోతే ఈ కథ అర్థం కాదు. మా నాన్న సెవెరియానో. నేను పుట్టిన ఏడు ఆయన ఒక పెండలం తవ్వాడు. దాన్ని ఎనిమిదిమంది మోశారట. నేను బడికి వెళ్ళేనాటికి ఆ మోసినవాళ్ళు పదిమంది అయ్యారు. నా పెళ్ళినాటికి పన్నెండుగురు. తిని అరిగిపోయిన ఇన్నేళ్ళకు కూడా మా నాన్న పెండలం పెరుగుతూనే ఉంది. మా పల్లెలో ఎవరు ఎంత గడ్డ తెచ్చినా ముసలివాళ్ళు మెచ్చుకుని, చివర్న ఒక తోక తగిలిస్తారు. "బాగుంది. సెవెరియానోదంత కాదనుకో." మాకు తూకాలు లేవు, కొలకర్రలు లేవు. మా నాన్న పెండలమే మాకు కొలత.

ఆ పెండలం విత్తనాన్ని నాన్న ఏటేటా ఒక మూల నాటి బతికిస్తూ వచ్చాడు. నాలుగేళ్ళ కింద నేను అడిగాను. ఇవ్వలేదు.

"నీ చేతికి అది పలకదురా," అన్నాడు.

ఆ నెలలోనే అల్లుడికిచ్చాడు. కన్నకొడుకు అడిగితే లేదన్నది, అడగని అల్లుడికిచ్చాడు. ఆ ముక్క చేపముల్లులా నా గొంతులోనే ఉండిపోయింది. బావ నాతో ఎంత మంచిగా మాట్లాడినా నాకు ఆ విత్తనమే కనిపించేది.

మధ్యాహ్నం సౌమాస్ కబురు చేశాడు. ఆయన పెద్ద మాటకారి కాదు. వాన చూరు మీంచి ధారగా పడుతుంటే దాని వంకే చూస్తూ మాట్లాడాడు. బావ ఒక స్తంభానికి ఆనుకుని, నేను ఇంకో స్తంభానికి ఆనుకుని కూర్చున్నాం.

"నువ్వు కోశావని నేననను అకపీతో. కత్తి సంగతి కావాలంటే పోలీసులు చూసుకుంటారు. కన్ను సంగతి నేను చూసుకోవాలి. చూశావా?"

"చూళ్ళేదు."

"తీగ పొడుగన్నావట."

"పొడుగన్నాను. పొట్టిదని ఉంటే చూడనట్టా?"

"పొట్టిదన్నా చూసినట్టే," అన్నాడు సౌమాస్ నిదానంగా. "ఆ మాటే ఎత్తకుండా ఉండాల్సింది."

ఇంక ఆయనతో వాదించి లాభం లేదు. చివరికి ఇలా తేల్చాడు. ఎల్లుండి యోసిరో ఆ పెండలం తవ్వి సావడికి తెస్తాడు. అప్పుడు అందరి ముందూ నేను ఒక చిప్ప సకావు బావకు పట్టాలి. క్షమాపణ చిప్ప అది. ముఖం పక్కకు తిప్పుకుని రెండు చేతులా పట్టుకుని కూర్చోవాలి, ఎదుటివాడు తాగేదాకా. తాగితే తప్పు కడుక్కుపోయినట్టే, తరువాత ఆ మాట ఎవరూ ఎత్తకూడదు. పట్టకపోతే మాత్రం విందునాడు నా పెండలం సావడి గడప దాటదు.

"చెయ్యని తప్పుకి చిప్ప పట్టమంటారా?"

"చెయ్యకపోతే పట్టకు," అన్నాడు సౌమాస్. "గడప దాటదు, అంతే."

చక్కటి ఉరి. చిప్ప పడితే పక్కవాడి గొయ్యిలోకి తొంగిచూసినవాణ్ణని నేనే ఒప్పుకున్నట్టు. అలాంటివాడికి రెండో బిరుదు ఎవరిస్తారు? పట్టకపోతే పెండలమే లేదు, ఇంక బిరుదెక్కడిది? ఈ రెంటికీ మధ్య ఒకటే సందు ఉంది. కోసినవాడు ఎవడో ఎల్లుండిలోగా తేలాలి.

తేల్చడం ఎలా? గొయ్యి చూడటానికి వీల్లేదు, చూస్తే నిందే నిజమవుతుంది. నలుగురినీ అడుగుదామా అంటే, ఎవణ్ణడిగినా ఒకటే జవాబు.

"యోసిరో పెండలమా? అది ఎక్కడుందో కూడా నాకు తెలీదయ్యా," అన్నాడు మొదటివాడు. వాడి ఇల్లు ఆ గొయ్యికి కంచె అవతలే.

"ఆయన పెండలం వేశాడా ఈ ఏడు?" అన్నాడు రెండోవాడు, మొన్న లారీ హాస్యానికి అందరికంటే పెద్దగా నవ్వినవాడు.

పెర్నార్దో ఇంకా ఘనుడు. "పెండలమంటే ఏది, ఆ దుంపేనా?" అన్నాడు.

"ఒరే, నిన్ను నిజంగానే అడుగుతున్నాను. నీకెవరిమీదన్నా అనుమానం ఉందా?"

"ఉంది."

"ఎవరి మీద?"

"నీ మీద," అన్నాడు. "నీ చోట నేనుంటే కోసేవాణ్ణి మరి. నీ అంత ఏడుపు నాకు లేదు గనక బతికిపోయాను."

కొడదామని చెయ్యెత్తాను. వాడు నవ్వుతూ అరటిచెట్ల వెనక్కి తప్పుకున్నాడు. వాడి మాటలో నన్ను ఎక్కువ మండించింది ఏమిటంటే, అందులో అబద్ధం వెతకడానికి నాకు కష్టంగా ఉంది.

ఇంట్లో మా ఆవిడ పెర్పెతువా సంగతంతా విని, ఉడుకుతున్న సీమపనస కాయను పుల్లతో పొడిచి చూసింది.

"ఒక చిప్ప పట్టేస్తే పోలా? తాగేది ఆయన. నీకేం పోయింది?"

"పరువు."

"పరువూ పందీ ఒకటే మీ మగాళ్ళకి. ఊరికే మేపుతూ కూర్చుంటారు. పందినైతే చివరికి కోసుకు తినొచ్చు."

"నేను చూళ్ళేదే!"

"చూళ్ళేదని నాకు తెలుసు. చూసుంటే నాలుగు రోజులు అన్నం తినుండేవాడివి కాదు." కాయ దించింది. "కానీ ఒకటి చెప్పు. తీగ తెగిందనగానే నీకు బాధేసిందా?"

నేను పందులకు కొబ్బరి వెయ్యాలని లేచి వెళ్ళాను.

మర్నాడు సాయంత్రం నాన్న వచ్చాడు. తడిసిన టోపీ తీసి మోకాలి మీద దులుపుకుని అరుగు మీద కూర్చున్నాడు. మామూలుగా అయితే వచ్చీ రాగానే నా పందుల్ని తిడతాడు, సన్నగా ఉన్నాయని. ఆ రోజు తిట్టలేదు.

"ఒరే, ఆ చిప్పేదో పట్టేసెయ్యరా," అన్నాడు.

"నువ్వు కూడానా నాన్నా?"

"నీ బావ మంచోడు. తాగేస్తాడు. రెండు రోజుల్లో అందరూ మర్చిపోతారు."

"మర్చిపోతారా? నువ్వు పుట్టించిన పెండలాన్నే ఇన్నేళ్ళుగా మర్చిపోలేదు ఈ ఊరు!"

నాన్న టోపీ అంచును వేళ్ళతో తిప్పాడు.

"నువ్వు కొయ్యలేదని నాకు తెలుసు," అన్నాడు.

"తెలిస్తే సౌమాస్‌తో చెప్పు. నీ మాట ఆయన కాదనడు."

"ముసలాణ్ణి. నా మాట ఎవడు వింటాడు?"

"ఈ ఊళ్ళో ఏది పెద్దదో, ఏది చిన్నదో నీ ముఖం చూసే చెప్తారు. నీ మాట ఎవడు వింటాడంటావేంటి?"

"ఇప్పుడంత కొంపేం మునిగిపోలేదురా. రేపు తవ్వుతున్నాడుగా. రెండు కాళ్ళ పెండలం, ఒక కాలు ఎండినా ఇంకోటి నిలబడుతుంది. సౌమాస్ ముందు తలవంపులేం ఉండవు వాడికి. నువ్వు చిప్ప పట్టు, వాడు తాగుతాడు, అందరం ఇళ్ళకి పోతాం."

నాకు కోపం నెత్తికెక్కి ఉంది. వాడికి తలవంపులుండవట! నా తలవంపుల సంగతేంటి? అల్లుడి మీద ఉన్న ప్రేమలో సగం నా మీద ఎప్పుడైనా ఉందా? ఇవన్నీ అడిగేశాను. నాన్న అన్నీ విన్నాడు. టోపీ పెట్టుకుని వానలోకి దిగాడు.

మరుసటి రోజు మధ్యాహ్నానికి సావడి నిండిపోయింది. రాయి మీద సకావు వేరు దంచుతున్న చప్పుడు గంట కొట్టినట్టు రోడ్డు దాకా వినిపిస్తోంది. నేను గుమ్మం పక్కన, ఎవరికీ ఆనకుండా కూర్చున్నాను. నా పక్కన కూర్చోవడానికి ఎవరూ ఇష్టపడలేదు. మా ఆవిడ మాత్రం ఆడవాళ్ళలోంచి లేచి వచ్చి, నాకొక కొబ్బరిబోండాం ఇచ్చి, అందరూ చూస్తుండగా నా భుజం తట్టి వెళ్ళింది.

యోసిరో బావ పెండలం వచ్చింది.

పది మంది మోశారు. అరటాకుల్లో చుట్టి, కర్రలకు కట్టి, ఊపిరి బిగబట్టి తెచ్చారు. దించేసరికి నేల దద్దరిల్లింది. సావడి గడప దాటాక పెండలం సౌమాస్‌ది. ఇక ఎవరైనా, ఎంతసేపైనా చూడొచ్చు. దాచుకున్న కళ్ళన్నీ ఒక్కసారి దాని మీద పడ్డాయి.

"ఏదో ఇంత వేరు," అన్నాడు బావ తల వంచుకుని. ఈసారి ఆ మాట వినయానికన్నట్టు లేదు.

ఆకులు విప్పారు.

నేను కూడా చూశాను. అది బాగుందా అని చూడలేదు నేను. నాదానికంటే బాగుందా అని చూశాను. కొండవాలున ఉన్న నా గడ్డ, నిన్నటి దాకా నా కళ్ళలో ఏనుగంత ఉన్నది, ఆ క్షణంలో కుక్కపిల్లంత అయిపోయింది. తీగ తెగకుండా రెండు నెలలు ఆగి ఉంటే ఇది ఏమయ్యేదో!

చుట్టూ వాదన లేచింది.

"సెవెరియానోదంత ఉందంటావా?"

"ఎక్కడిమాట! దాన్ని పన్నెండుగురు మోశారు."

"ఆ రోజుల్లో మనుషులు బక్కగా ఉండేవాళ్ళయ్యా. ఇప్పుడు మోసినవాళ్ళని చూడు, ఒక్కొక్కడూ ఇద్దరి పెట్టు."

"నువ్వు చూశావా ఆ పెండలాన్ని?"

"మా నాన్న చూశాడు."

బావ ఇంట్లో తిని తాగేవాళ్ళందరికీ ఇదే పెద్దదిగా కనిపించింది. వాళ్ళంటే పడనివాళ్ళకు మా నాన్నదే పెద్దది. పెర్నార్దో రెండు వైపులా తలాడించాడు. చివరికి అందరి ముఖాలూ మా నాన్న వైపు తిరిగాయి.

నాన్న చాలాసేపు చూశాడు.

"బాగుంది," అన్నాడు. తోక తగిలించలేదు.

అప్పుడు మోసినవాళ్ళలో ఒకడు వంగి, అడుగున మిగిలిన ఆకులు లాగి చూసి, "ఇదేంటి బావా, దీనికి రెండు కాళ్ళున్నాయే!" అన్నాడు.

నిజమే. గడ్డ తల కింద నుంచి రెండుగా చీలి, మోకాళ్ళు మడిచి కూర్చున్న మనిషిలా ఉంది.

"అవును," అన్నాడు బావ. "మావయ్య విత్తనం ఎప్పుడూ ఒంటికాలే కదా, ఇదీ అంతే అనుకున్నాను. పొద్దున తవ్వేదాకా నాక్కూడా తెలీదు."

నా చేతిలో కొబ్బరిబోండాం జారి కింద పడింది.

'రెండు కాళ్ళ పెండలం, ఒక కాలు ఎండినా ఇంకోటి నిలబడుతుంది.' నిన్న సాయంత్రం, నా అరుగు మీద, వాన కారుతున్న టోపీ మోకాలి మీద పెట్టుకుని నాన్న అన్న మాట. నాటినవాడికే తెలియని సంగతి. మట్టిలో చెయ్యి పెట్టి తడిమినవాడికి తప్ప ఇంకెవరికీ తెలియని సంగతి.

నాన్న వంక చూశాను. ఆయన అప్పటికే నా వంక చూస్తున్నాడు.

"అకపీతో," అన్నాడు సౌమాస్. "చిప్ప సిద్ధంగా ఉంది. పడతావా?"

నారలో పిండిన మొదటి సకావు చిప్పలో నింపి, దంచేవాడు నా వైపు చాచాడు. తీసుకుంటే అయిపోయేది. నాన్న పేరు నిలిచేది. మంచి కొడుకైతే తీసుకునేవాడేమో. నేను ఆ విత్తనం గురించి ఆలోచిస్తున్నాను. నీ చేతికి పలకదన్న మాట గురించి ఆలోచిస్తున్నాను. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నాన్నా, దీనికి రెండు కాళ్ళని నీకు నిన్ననే ఎలా తెలుసు?"

దంచుతున్న రాళ్ళు ఆగిపోయాయి. ఆడవాళ్ళ వైపు నుంచి అక్క, "ఒరే తమ్ముడూ!" అని సగంలో ఆపేసింది. బావ ముఖంలో కోపం రాలేదు. అర్థం కానట్టు మావగారి వంక చూస్తూ ఉండిపోయాడు.

నాన్న లేచాడు. దంచేవాడి దగ్గరికి వెళ్ళి ఆ చిప్ప తన చేతుల్లోకి తీసుకున్నాడు. సావడి మధ్య నుంచి వంగి నడుచుకుంటూ వెళ్ళి, అల్లుడి ముందు కూలబడి, ముఖం పక్కకు తిప్పుకుని, రెండు చేతులా చిప్ప పట్టుకున్నాడు.

"ఇది నా చిప్ప అల్లుడూ. తాగుతావో పారబోస్తావో చివర్న తేల్చుకో. ముందు విను.

కోసింది నేనే. అదేం పెద్ద సంగతి కాదు, కత్తి ఎవడైనా పడతాడు. చూసింది కూడా నేనే. ఈ ఊళ్ళో సగంమందికి కళ్ళు దించుకు నడవడం నేర్పినవాణ్ణి. ఆ రోజు మీ పాపకి జ్వరమంటే చూసిపోదామని మీ ఇంటికి వచ్చాను. మీరు దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళారట, ఇంట్లో ఎవరూ లేరు. వెనక్కి వచ్చెయ్యాల్సింది. గొయ్యి పక్కనుంచి దారి దగ్గరని నాకు నేనే చెప్పుకున్నాను. నేల పొంగి బీటలిచ్చి ఉంది. అది చూశాక చాలు కదా, పోవచ్చు కదా? కూర్చుని చెయ్యి పెట్టాను. మోచెయ్యి దాకా పోయింది, అంచు అందలేదు. ఇటు పెట్టాను, ఇటు ఇంకో కాలు తగిలింది.

నమ్ముతారో నమ్మరో, ముందు నాకు సంతోషమే వేసింది. నా విత్తనం, నా అల్లుడి చెయ్యి అనుకుని ఒక్కణ్ణే నవ్వుకున్నాను. మట్టి మళ్ళీ సరిగ్గా కప్పాను, గడ్డకి గాలి తగలకుండా. లేచాను. నాలుగడుగులు వేశాక నాది గుర్తొచ్చింది. నేను దాన్ని తలుచుకోని రోజు లేదు. తలుచుకున్నప్పుడల్లా పెద్దగానే ఉండేది. ఆ రోజు చిన్నగా కనిపించింది. పన్నెండుగురు మోశారంటారు మీరు. ఎనిమిదిమందే. అందులో ఇద్దరు ఊరికే చెయ్యేశారు. మీరు ఒక్కొక్కణ్ణీ కలుపుకుంటూ పోతుంటే నేను నోరెత్తలేదు. రేపటి నుంచి ఎవడు గడ్డ తెచ్చినా 'యోసిరోదంత కాదు' అంటారు గదా అనిపించింది. వెనక్కి తిరిగాను. కోశాను.

ఒరే అకపీతో, విత్తనం నీకివ్వలేదని నీ కడుపులో ఉంది. నీ చేతికి పలకదన్నాను. పలుకుతుందనే ఇవ్వలేదు. నీ చెయ్యి చూసి భయమేసింది. అల్లుడూ, నువ్వేమీ అనుకోకు, నీ చెయ్యి చూసి ధైర్యం వచ్చింది, అందుకే నీకిచ్చాను. మనుషుల్ని తూచడం నాకు బాగా వచ్చనుకున్నాను.

నింద వీడి మీద పడితే నోరు మూసుకున్నాను. పైగా వీడి ఇంటికెళ్ళి చిప్ప పట్టమని నేనే చెప్పాను. దానికి వీడికి వేరే చిప్ప పట్టాలి. పడతాను.

సౌమాస్, ఇందాక అందరూ నా ముఖం చూశారు, ఏది పెద్దదో చెప్పమని. బాగుందన్నాను. అంతే చెప్పగలిగాను. ఇప్పుడు మళ్ళీ అడిగినా చెప్పలేను. ఇంత చేసి, ఇదంతా ఒప్పుకుని, ఈ చిప్ప పట్టుకుని ఇక్కడ కూర్చుని కూడా, లోపల ఒకడు నాదే కాస్త పెద్దది, నాదే కాస్త పెద్దది అంటూనే ఉన్నాడు. వాడి నోరు మూయించడం నా వల్ల కావడం లేదు.

తాగు అల్లుడూ. చేతులు లాగేస్తున్నాయి."